పళ్ల నొప్పితో పళ్లెం పక్కన పెట్టే పిల్లలు: బడిలో మనం ఏం చేయగలం?

రెండో తరగతి టీచర్
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ప్రాథమిక బడిలో రెండో తరగతికి పాఠాలు చెబుతాను. మా బడికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఏ రోజుకారోజు పని వెతుక్కునే ఇళ్ల పిల్లలే. ఇళ్లు ఇరుకు, నీళ్లు రోజూ రావు. బడిలో పెట్టే భోజనమే చాలామందికి ఆ రోజుకి గట్టి తిండి.

నా క్లాసులో ఏడేళ్ల పాప ఒకతి ఉంది. పెట్టినదాంట్లో సగం కూడా తినదు. నోట్లో పెట్టుకున్నది ఒక బుగ్గలోనే ఉంచుకుని, కాసేపటికి నీళ్లు తాగి మింగేస్తుంది. ఏడాదంతా "తిను, తిను" అని వెంటపడ్డాను. రెండు మూడుసార్లు కసిరాను కూడా. బరువు తూచినప్పుడు వయసుకు తగ్గ బరువు లేదని రాశారు. వాళ్లమ్మని పిలిపించి, ఇంట్లో సరిగ్గా పెట్టడం లేదా అని అడిగాను. ఆవిడ తల వంచుకుని విన్నది తప్ప ఒక్క మాట అనలేదు.

పోయిన వారం ఆ పాప బుగ్గ వాచి వచ్చింది. నోరు తెరవమంటే తెరిచింది. కింద కుడివైపు దవడ పళ్లు రెండూ నల్లబడి, లోపల గుంతలు పడి ఉన్నాయి. ఒక పంటి పక్కన చిగురు మీద చిన్న చీము పొక్కు. ఎప్పటి నుంచి నొప్పి అని అడిగితే "ఎప్పుడూ ఉంటుంది టీచర్" అంది. ఇది కూడా అడగాలా అన్నట్టు మామూలుగా చెప్పింది.

మర్నాడు టార్చి పట్టుకుని క్లాసంతా నోళ్లు చూశాను. సగం మందికి పైగా పిప్పిపళ్లు. తినడానికి మొరాయిస్తారని నేను అనుకున్నవాళ్లలో ఒక్కరి నోరు కూడా బాగాలేదు. రెండు రోజులుగా నాకు నిద్ర పట్టడం లేదు. తిండి సరిపోక పళ్లు పాడవుతున్నాయా, పళ్లు పాడై తిండి పోవట్లేదా? ఒక్క కుళాయి ఉన్న బడిలో నేను ఏం చేయగలను? తెలిసినవాళ్లు చెప్పండి.

పళ్ల డాక్టరమ్మ
సోమవారం, రాత్రి 10:05

టీచర్ గారూ, ముందు ఆ పాప సంగతి. చీము పొక్కు, బుగ్గ వాపు ఉన్నాయంటే ఇన్ఫెక్షన్ పంటి వేరు దాటి బయటికి వచ్చినట్టు. రేపే చూపించండి. వాపు కంటి వైపో మెడ వైపో పాకినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా రేపటి దాకా కూడా ఆగకూడదు. అప్పుడు నేరుగా ఆసుపత్రికే. నొప్పి బిళ్ల వేస్తే నొప్పి తగ్గుతుంది కానీ చీము పోదు. నొప్పి తగ్గింది కదా అని వదిలేసిన కేసులే రాత్రి వేళ వాపుతో మా దగ్గరికి వస్తాయి.

ఇక మీ ప్రశ్న. రెండూ నిజమే. ఒకదాన్నొకటి లాగుతాయి.

తిండి లేమి పంటిని పుట్టకముందే దెబ్బతీస్తుంది. పాలపళ్ల పైభాగాలు తల్లి కడుపులో మొదలై, బిడ్డకి ఏడాది నిండేసరికి దాదాపు తయారైపోతాయి. ఆరేళ్లకి వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను పుట్టుక ప్రాంతంలోనే తయారవడం మొదలుపెట్టి, సుమారు మూడేళ్లకి పైభాగం పూర్తి చేసుకుంటుంది. ఆ రోజుల్లో తల్లికో బిడ్డకో పోషకాలు అందకపోయినా, విటమిన్ డి తక్కువైనా, పెద్ద జబ్బు చేసినా పంటి పైనుండే గట్టి పొర, అదే ఎనామిల్, పలచబడుతుంది, గరుకుగా గీతలు, గుంటలు పడతాయి. అలాంటి పన్ను చిగురు దాటి బయటికి వచ్చేనాటికే బలహీనం. దానికి తోడు సరైన తిండి లేని పిల్లల్లో ఉమ్మి తక్కువ ఊరుతుంది. నోట్లో పుట్టే ఆమ్లాన్ని విరిచేది ఉమ్మే కదా.

తర్వాత రెండో వైపు. పన్ను పుచ్చి నొప్పి మొదలయ్యాక నమలడం కష్టం. గట్టివి మానేస్తారు. మెత్తటివి, తియ్యటివి, మింగడానికి సులువైనవి మాత్రమే తింటారు. రాత్రి నిద్ర చెడుతుంది. మీరు చెప్పిన పాప బుగ్గలో పెట్టుకుని నీళ్లతో మింగడం సరిగ్గా అదే. అది మొండితనం కాదండి. ఆ పాప తనకు తెలిసిన దారిలో నొప్పిని తప్పించుకుంటోంది.

మాటకు మాట
సోమవారం, రాత్రి 11:20

డాక్టర్ గారు చెప్పింది కాదనను. కానీ కడుపు నిండని పిల్లల దగ్గర బ్రష్‌ల మాట ఎత్తడం నాకు మింగుడు పడదు. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను. మాకు కావాల్సింది తిండి. పెద్దవాళ్లు బట్టలు శుభ్రంగా లేవని, గోళ్లు తీయలేదని, పళ్లు తోమలేదని క్లాసులో నిలబెట్టేవారు. ఆకలి గురించి మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు మళ్లీ అదే మొదలవుతుందేమో అని నా భయం. అయినా పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి. ఉన్న శ్రద్ధ భోజనం మీద పెట్టండి.

ముగ్గురు పిల్లల అమ్మ
మంగళవారం, ఉదయం 6:40

టీచర్ గారూ, వాళ్లమ్మ తల వంచుకుందని రాశారే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. నేనూ అలా నిలబడ్డదాన్నే. మా రెండోవాడికి నాలుగేళ్లప్పుడు ముందు పళ్లు నాలుగూ మొదలంటా అరిగి నల్లబడ్డాయి. చూసినవాళ్లందరూ చాక్లెట్లు ఎక్కువ పెట్టావు అన్నారు. మా ఇంట్లో చాక్లెట్ అంటే పండగే. అసలు సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాడికి తరచూ దగ్గు. రోజూ రాత్రి తియ్యటి మందు పట్టి, ఆపైన పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టేదాన్ని. వాడు సీసా చప్పరిస్తూ నిద్రపోయేవాడు. ఆ పాలు రాత్రంతా పళ్ల మీదే ఉండేవి. పొద్దున నాలుగింటికి లేచి పనికి పోవాలి, వాడు నిద్రపోతే చాలనుకున్నాను.

ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే మందు పట్టాక నీళ్లు తాగించేదాన్ని. మందు ఇచ్చినవాళ్లు చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పళ్ల డాక్టరమ్మ
మంగళవారం, మధ్యాహ్నం 1:30

అమ్మా, మీరు రాసింది చాలామందికి ఉపయోగపడుతుంది. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది. అందుకే రాత్రి నోట్లో మిగిలిన తీపి పగటి తీపి కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. సిరప్ పట్టాక కాసిని నీళ్లు, పడుకునేముందు తోమాక ఇక నీళ్లు తప్ప ఏమీ వద్దు. ఈ రెండూ చాలా మార్పు తెస్తాయి. ఇంకో సంగతి. ఐరన్ సిరప్ తాగే పిల్లల పళ్ల మీద నల్లటి మరక వస్తుంది. అది పైన పట్టిన మరకే, పుచ్చు కాదు. పళ్లు నల్లబడ్డాయని ఐరన్ ఆపేసే తల్లులున్నారు. ఆపకండి. రక్తం లేని పిల్లలకి అది చాలా అవసరం.

పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయన్న మాటకి వస్తాను. దవడ వైపు పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. అయిదేళ్లకి పుచ్చితే మరో ఐదారేళ్లు ఆ పిల్లవాడు దేంతో నమలాలి? చీము పట్టిన పాలపంటి కింద శాశ్వత పన్ను తయారవుతూ ఉంటుంది, దాని ఎనామిల్ కూడా దెబ్బతినొచ్చు. ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, రావాల్సిన పంటికి చోటుండదు.

తల్లిదండ్రులు, టీచర్లు అందరూ పొరబడేది ఇంకొకటుంది. ఆరేళ్ల ప్రాంతంలో చివరి పాలపంటి వెనకాల ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని పైన లోతైన గాడులుంటాయి, బ్రష్ అంత వెనక్కి చేరదు. ఒకటో తరగతి పిల్లల నోరు చూసేటప్పుడు ముందుగా అక్కడ చూడండి.

పోషణ పనిలో ఉన్నాను
మంగళవారం, సాయంత్రం 7:15

మాటకు మాట గారి బాధ నాకు అర్థమైంది. పిల్లల్ని నిలబెట్టి సిగ్గుపరచడం ఏ కార్యక్రమంలోనూ ఉండకూడదు. కానీ తిండి, నోరు రెండిటినీ వేరు వేరు గదుల్లో పెట్టడం వల్లే ఈ పాపలాంటి పిల్లలు ఏడాది పాటు ఎవరి కంటికీ కనిపించకుండా పోతున్నారు. మేము బరువు, ఎత్తు కొలుస్తాం, నోరు చూడం. పళ్ల వాళ్లు నోరు చూస్తారు, బరువు చూడరు. పదేళ్లు ఈ పని చేశాక నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చిన సంగతి ఇది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం పాలపళ్లు పుచ్చిన పిల్లలు ప్రపంచంలో 51 కోట్లకు పైగా. అదే ఏడాది లెక్కల్లో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు పెరగనివారు దాదాపు 14.8 కోట్లు. ఈ రెండు లెక్కలూ ఎక్కువగా ఒకే ఇళ్ల చుట్టూ తిరుగుతాయి.

పోషకాహార లోపమంటే బక్కగా ఉండటమే కాదు. బొద్దుగా ఉండి, ఒంట్లో రక్తం లేని పిల్లలూ ఉన్నారు. చేతిలో డబ్బు లేని ఇంట్లో ఆకలి తీర్చే సులువైన వస్తువు ఏది? తియ్యటి బిస్కెట్ ప్యాకెట్. వండక్కర్లేదు, చెడిపోదు, పిల్లవాడు మారాం చేయడు. పని మీద బయటికి వెళ్లే తల్లి అది చేతిలో పెట్టి వెళ్తుంది. పిల్లవాడు పూటంతా కొంచెం కొంచెం కొరుకుతూ ఉంటాడు. కడుపులోకి పిండి, చక్కెర వెళ్తాయి. ఐరన్, ప్రొటీన్, విటమిన్లు వెళ్లవు. నోట్లో మాత్రం రోజంతా ఆమ్లం. అంటే ఒకే ప్యాకెట్ అటు పోషణనీ ఇటు పంటినీ తినేస్తోంది.

ఎంత తీపి తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి, మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంటో అంతకంటే ఎక్కువో పడుతుంది. తినక తప్పదంటే ఒక్కసారిగా, భోజనంతో పాటే తినేయమని చెప్పడం "తీపి మానేయండి" అనడం కంటే పనిచేస్తుంది. నా అనుభవంలో తల్లులు ఈ మాట వింటారు, ఎందుకంటే ఇది చేయగలిగిన పని.

మాటకు మాట
మంగళవారం, రాత్రి 9:50

ఆ వెనక పన్ను సంగతి నాకు ఇన్నేళ్లకీ తెలియదు. మా అబ్బాయికి ఆరున్నర. ఇప్పుడే లేపి చూశాను. వచ్చి ఉంది.

కానీ ఒక ప్రశ్న. పళ్లు బాగుచేస్తే పిల్లలు నిజంగా బరువు పెరుగుతారా? లేక ఇది మనకి మనం చెప్పుకునే మాటా?

పళ్ల డాక్టరమ్మ
బుధవారం, ఉదయం 7:05

అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఫిలిప్పీన్స్‌లో 2006 నాటి జాతీయ సర్వేలో ఆరేళ్ల పిల్లల్లో 97 శాతానికి పుచ్చుపళ్లు ఉన్నాయి. పన్నెండేళ్ల పిల్లల్ని చూసినప్పుడు, పుచ్చు పంటి లోపలి గుజ్జు దాకా, చీము దాకా వెళ్లినవాళ్లలో బరువు తక్కువవాళ్లు ఎక్కువగా తేలారు. బాగా పాడైన పళ్లు తీసేశాక బరువు తక్కువ పిల్లలు బరువు పుంజుకున్నట్టు కూడా అక్కడే చూశారు. కానీ సౌదీ అరేబియాలో ఆరేడేళ్ల పిల్లలకి వైద్యం చేసి ఆరు నెలలు గమనిస్తే ఎత్తు, బరువుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి తగ్గింది, ఆకలి మెరుగైంది.

కాబట్టి పళ్లు బాగుచేస్తే చాలు, పిల్లలు పెరిగిపోతారని నేను చెప్పను. పళ్లెంలో తిండి లేకపోతే పంటితో పనేముంది. అలాగే పళ్లెంలో తిండి ఉండీ నమలలేని పిల్లకి ఆ తిండితో పనేముంది. నా వరకు నొప్పి తగ్గడమే చాలు, బరువు పెరిగిందా లేదా అని చూశాక వైద్యం చేయాలా వద్దా అని ఆలోచించను.

హెడ్‌మాస్టర్, ఐదు తరగతుల బడి
బుధవారం, రాత్రి 8:30

టీచరమ్మా, మా బడిలో మూడేళ్లుగా రోజూ పళ్లు తోమిస్తున్నాం. మాకూ ఒక్కటే కుళాయి. చేసి చూసిందే చెబుతాను.

మొదటి ఏడాది పాడు చేశాం. బ్రష్‌లన్నీ ఒకే డబ్బాలో నిలబెట్టాం. ఒకదానికొకటి తగిలి, తడి ఆరక, అడుగున నల్లగా బూజు పట్టింది. అన్నీ పారేశాం. రెండో ఏడాది చెక్క పలకకి రంధ్రాలు వేయించి, ఒక్కో రంధ్రం కింద పిల్లవాడి పేరు రాసి, బ్రష్ తల పైకి ఉండేలా పెట్టాం. ఒకదానికొకటి తగలవు, గాలికి ఆరతాయి. మూతలు పెట్టొద్దు, తడి లోపలే ఉండిపోతుంది. దుమ్ము పడకుండా పలచని గుడ్డ చాలు.

పేస్టు ట్యూబ్ నేరుగా బ్రష్‌లకి తాకించకండి. ఒక నోటి ఉమ్మి ఇంకో నోటికి అంటుకుంటుంది. శుభ్రమైన పళ్లెం అంచు చుట్టూ బఠాణీ గింజంత చుక్కలు వరుసగా పెడతాం. ఎవరి చుక్క వాళ్లు బ్రష్‌తో తీసుకుంటారు. అందరికీ ఒకే కొలత, పేస్టు కూడా ఆదా.

ఇక నీళ్లు. మేము ఇక్కడే భయపడి మొదట వెనకాడాం. తర్వాత తెలిసింది, తోమాక పుక్కిలించకూడదట! నురగ ఉమ్మేస్తే చాలు. నీళ్లతో కడిగేస్తే పంటి మీద మిగలాల్సిన ఫ్లోరైడ్, అంటే పేస్టులో పంటిని గట్టిపరిచేది, కూడా పోతుంది. అంటే నీళ్లు కావాల్సింది బ్రష్ కడగడానికే. మగ్గుతో టీచర్ ధారగా పోస్తే, ఒకరి తర్వాత ఒకరు వచ్చి కడుక్కుంటారు. బ్రష్‌లని కలిపి ఒకే గిన్నెలో మాత్రం ముంచొద్దు.

ఎప్పుడు తోమించాలన్నదీ ముఖ్యమే. భోజనం అయ్యాక, చేతులు కడిగే వరుసలోనే కలిపేశాం. విడిగా పీరియడ్ పెడితే నెలకే ఆగిపోతుంది. ఒక చిన్న పాట రెండు నిమిషాలు పాడిస్తాం, పాట అయ్యేదాకా తోమాలి. ఏడెనిమిదేళ్ల దాకా పిల్లలకి చెయ్యి సరిగ్గా తిరగదు. అందుకని అయిదో తరగతి పిల్లలు ఒకటో తరగతి వరుస దగ్గర నిలబడి "వెనక, వెనక" అని గుర్తు చేస్తుంటారు.

పని ఒత్తిడిలో టీచర్
బుధవారం, రాత్రి 10:10

హెడ్‌మాస్టర్ గారికి నమస్కారాలు. కానీ అందరి బడీ మీ బడిలా ఉండదండి. మా బడికి ఒకసారి అట్టపెట్టె నిండా బ్రష్‌లు, పేస్టులు తెచ్చిచ్చారు. ఫొటోలు దిగారు. రెండో నెలకి పేస్టు అయిపోయింది. మళ్లీ ఎవరూ రాలేదు. పిల్లలు నెల రోజులు "ఇవాళ తోముకుందామా టీచర్" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక తల తిప్పుకునేదాన్ని. అలా మధ్యలో ఆగిపోయేదైతే మొదలుపెట్టకపోవడమే నయం. దీనికి తోడు బరువుల రిజిస్టర్, మందుల రిజిస్టర్, భోజనం రిజిస్టర్. ఇంకొకటి వస్తుందంటేనే టెన్షన్.

హెడ్‌మాస్టర్, ఐదు తరగతుల బడి
గురువారం, ఉదయం 5:55

అమ్మా, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. బ్రష్ ఇవ్వడం తేలిక, మూడు నెలలకోసారి మార్చడం కష్టం. మొదలుపెట్టే ముందే ఏడాదికి సరిపడా పేస్టు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోవాలి. రిజిస్టర్ మాత్రం మేము పెట్టలేదు. హాజరు పట్టీలో వారానికోసారి ఒక టిక్కు, అంతే. పేస్టు ఫ్లోరైడ్ ఉన్నదై ఉండాలి, ఏ రంగుదైనా ఏ వాసనదైనా పర్వాలేదు. ఫ్లోరైడ్ పేస్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మేము అధికారులకి అర్జీ రాసినప్పుడు ఆ ఒక్క వాక్యం బాగా పనిచేసింది. సౌందర్య సాధనం కాదు, మందు అని రాశాం.

ముగ్గురు పిల్లల అమ్మ
గురువారం, ఉదయం 6:30

ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లు పాడవుతాయని, ఎముకలు వంగుతాయని అంటారు కదా? పిల్లలు పేస్టు మింగుతారు. నాకు భయంగా ఉంది.

పళ్ల డాక్టరమ్మ
గురువారం, మధ్యాహ్నం 2:00

భయం న్యాయమైనదే అమ్మా. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. అంతకు చాలా ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద మచ్చలు, ఎముకలకి జబ్బు వస్తాయి. అది నీళ్ల వల్ల, కడుపులోకి వెళ్లడం వల్ల. పేస్టు పంటి మీద పైపైన పనిచేసి ఉమ్మేసేది. మూడేళ్లలోపు వాళ్లకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్లవాళ్లకి బఠాణీ గింజంత. ఆ కొలత దాటనివ్వకండి, ట్యూబ్ పిల్లల చేతికి అందనివ్వకండి. పేస్టు మీద ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) అని ఉందో లేదో చూసుకోండి. మీ ప్రాంతం నీళ్లలో ఇప్పటికే ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే, దగ్గర్లోని పళ్ల డాక్టర్ని ఒకసారి అడిగి వాడండి.

నర్సుని
గురువారం, రాత్రి 11:40

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

బాగా నీరసించిపోయిన పిల్లల్లో, అందులోనూ తట్టులాంటి జబ్బు నుంచి లేచిన చిన్నపిల్లల్లో, చిగుళ్ల నుంచి రక్తం కారుతూ, పుండ్లు పడి, భరించలేని దుర్వాసన వస్తుంటే "నోరు శుభ్రం లేదు" అని సరిపెట్టుకోకండి. అది నోమా అనే జబ్బుకి మొదలు కావచ్చు. ఎక్కువగా రెండు నుంచి ఆరేళ్ల వయసులో వస్తుంది. చిగురు దగ్గర మొదలై కొద్ది రోజుల్లోనే బుగ్గని తినేస్తుంది. వైద్యం లేకపోతే పదిమందిలో తొమ్మిది మంది దాకా చనిపోతారు. బతికినవాళ్లకి ముఖం వికృతమైపోతుంది. మొదట్లోనే పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్, నోరు శుభ్రం చేయడం, మంచి తిండి, వీటితోనే ఆగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఇది అరుదైన జబ్బే. కానీ అటు తిండి లేమి, ఇటు నోటి అశుభ్రత రెండూ కలిస్తే ఎక్కడి దాకా పోగలదో తెలియాలి. దీని గురించి చదివినప్పటి నుంచి చిగుళ్లు చూడకుండా ఏ పిల్లనీ పంపను.

మామూలుగా చూడాల్సినవి కూడా ఉన్నాయి. పెదాల మూలలు పగిలి ఉంటే, నాలుక మరీ నున్నగా ఎర్రగా ఉంటే, పెదవి లోపలి వైపు పాలిపోయి ఉంటే, బి విటమిన్ గానీ ఐరన్ గానీ తక్కువైందేమో అని అనుమానించండి. అంటే టీచర్ గారు టార్చి వేసి నోరు చూసినప్పుడు పళ్లు మాత్రమే కాదు, పోషణ కూడా కొంత కనిపిస్తుంది. నులిపురుగుల మందు వేసే రోజున వరుసలో ఎలాగూ నోరు తెరుస్తారు కదా, ఆ ఒక్క నిమిషం వాడుకోండి.

మాటకు మాట
శుక్రవారం, ఉదయం 8:15

సరే, నోరు చూశాం, పుచ్చుందని తెలిసింది. తర్వాత? ఇలాంటి చోట్ల పళ్ల డాక్టర్ ఉండడు, కుర్చీ ఉండదు, కరెంటు ఉండదు. తల్లి ఒక రోజు పని మానుకుని వెళ్తే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. చూసి చెప్పి వదిలేయడం ఇంకా క్రూరం.

పళ్ల డాక్టరమ్మ
శుక్రవారం, రాత్రి 9:20

ఈ మాటకోసమే ఎదురుచూస్తున్నాను. కరెంటు, కుర్చీ లేకుండా చేయగలిగేది చాలా ఉంది.

1980లలో టాంజానియాలో మొదలైన పద్ధతి ఒకటుంది. డ్రిల్లు వాడకుండా, చేతి పనిముట్లతోనే మెత్తబడిన పుచ్చుని గీకి తీసి, గ్లాస్ అయానమర్ అనే సిమెంటుతో పూడుస్తారు. బల్ల మీద పడుకోబెట్టి బడిలోనే చేయొచ్చు. చాలా వరకు మత్తు సూది కూడా అవసరం పడదు. ఇంకొకటి సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్. పుచ్చు మీద చుక్క అద్దితే అది చాలా వరకు అక్కడితో ఆగుతుంది. ఆగిన పుచ్చు నల్లగా మారుతుంది. ఈ సంగతి తల్లిదండ్రులకి ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే చేయాలి. చెప్పకుండా చేస్తే "మందేసి పళ్లు నల్లబరిచారు" అని మళ్లీ ఎవరూ నోరు తెరవరు. ఈ రెండూ కూడా 2021లో అదే అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. కానీ చీము పట్టిన పంటికి ఇవి పనిచేయవు. దానికి పీకడమో, వేరు వైద్యమో తప్పదు.

క్రూరం అన్నారు చూశారూ, అది నేను ఒప్పుకుంటాను. చూడటానికి ముందే పంపించే చోటు ఒకటి మాట్లాడి పెట్టుకోవాలి. నెలకో రోజు ఒక డాక్టర్ బడికి వచ్చేలా ఒప్పించగలిగితే తల్లి పని మానుకోనక్కర్లేదు. నొప్పి ఉన్నవాళ్లు, చీము ఉన్నవాళ్లు ముందు. మిగతావాళ్లు వరుసలో.

రెండో తరగతి టీచర్
ఆరు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:10

అందరికీ మళ్లీ నమస్కారం. ఇన్నాళ్లు రాయనందుకు ఏమీ అనుకోకండి.

పాపకి చీము పట్టిన పన్ను తీసేశారు. పక్క పన్ను పూడ్చారు. నేనే వెంట వెళ్లాను, వాళ్లమ్మ కూడా వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆరోజు అలా అడిగినందుకు తప్పైపోయిందమ్మా అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "ఇంట్లో కూడా తినదు టీచర్, నా వంట నచ్చదేమో అనుకున్నాను" అంది. దానికి నాకు జవాబు దొరకలేదు.

పన్ను తీసిన నాలుగో రోజు భోజనం దగ్గర గమనించాను. ముద్ద ఎడమ బుగ్గలోనే పెట్టుకుంది అలవాటు కొద్దీ. కాసేపటికి నాలుకతో కుడివైపుకి తోసి, ఆగి, నొప్పి పుడుతుందేమో అని చూసుకుని, మెల్లగా నమిలింది. నీళ్ల గ్లాసు ముట్టుకోలేదు. బరువు ఇంకా పెద్దగా పెరగలేదు. డాక్టరమ్మ గారు చెప్పినట్టు దానికి ఇంట్లో తిండి కూడా కావాలి. పోషణ పనిలో ఉన్నవారు చెప్పిన మాట ప్రకారం బిస్కెట్ ప్యాకెట్ రోజంతా చేతిలో ఉంచొద్దని తల్లుల సమావేశంలో చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఎదురు అడిగారు, మరి ఆకలేస్తే ఏం పెట్టమంటారని. ఆ ప్రశ్న మా బడి హెడ్‌మాస్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. పొద్దున బడికి రాగానే ఏదైనా పెట్టగలమా అని పై అధికారులకి అర్జీ పెట్టాం. జవాబు రాలేదు ఇంకా.

బ్రష్‌ల పలక వడ్రంగి పనిచేసే ఒక పిల్లాడి నాన్న చేసిచ్చారు. ముప్పై నాలుగు రంధ్రాలు. పేస్టు నాలుగు నెలలకి సరిపడా చేతికొచ్చాకే మొదలుపెట్టాం. మిగతా ఎనిమిది నెలలది ఇంకా తేలలేదు. ఒక పిల్లాడు రోజూ నురగ మింగేస్తున్నాడు, వాడి పక్కన నేనే నిలబడుతున్నాను.

ఇప్పుడు సందేహమేమిటంటే, పై నెలలో సెలవులు. బ్రష్‌లు ఇంటికి పంపనా, బడిలోనే ఉంచనా?

హెడ్‌మాస్టర్, ఐదు తరగతుల బడి
ఆదివారం, రాత్రి 7:45

పంపండమ్మా, పేస్టుతో సహా. సగం బ్రష్‌లు తిరిగి రావు, చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వాడేస్తారు. ఒకటి వేరేగా వాళ్లకి కూడా ఇవ్వగలిగితే ఇవ్వండి. బడి తెరిచే రోజుకి ఎలాగూ కొత్తవి కావాలి, ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

పని ఒత్తిడిలో టీచర్
ఆదివారం, రాత్రి 8:20

ఆ పలకకి రంధ్రాల మధ్య దూరం ఎంత పెట్టించారు టీచర్ గారూ? మా బడిలో పాత బ్లాక్‌బోర్డు చెక్క ఒకటి పడి ఉంది.

రెండో తరగతి టీచర్
ఆదివారం, రాత్రి 8:32

నాలుగు వేళ్ల వెడల్పు. అంతకన్నా దగ్గరైతే బ్రష్ తలలు తగులుతాయి. రేపు కొలిచి, ఫొటో తీసి పెడతాను.